నిద్రలో ఉన్నవి

కుడి చెయ్యి బారుగా చాచి, పిడికిలి బిగించి, ఎడమ కన్ను మూసి నీళ్ళకేసి పట్టాడు. పిడికిలి చాటున పడ్డంత మేర ఒక గుప్పిట. గుప్పిటంటే వంద పక్షులు. దాని పక్కన ఇంకో గుప్పిట. ఆ పక్కది కాస్త పలచన, ముప్పాతిక కింద వేసుకోవాలి. పెదవులు కదులుతున్నాయి గాని మాట బయటికి రావడం లేదు. మంచె కమ్మీ మీద ఎడమ చేతి వేళ్ళు ఒక్కొక్కటే ముడుచుకుంటున్నాయి.

ముప్పై ఒక్క చలికాలాలుగా ఇదే పని. తెల్లవారుతుండగా మంచె ఎక్కాలి. పై చెక్క మీద పాదాలు పెట్టే చోటు ఒక్కటే. ఒక అడుగు ముందుకు జరిగినా వెనక్కి జరిగినా గుప్పిట అబద్ధం చెబుతుంది. అతనికి ముందు ఈ చిత్తడి నేలని కాసిన ముసలాయన వంద ఎండు సొరబుర్రలు తాడుకి కట్టి నీళ్ళ మీద తేల్చి, దూరపు జమ్ము వరసకి గురిపెట్టి, పిడికిలితో పట్టి చూసి మరీ నేర్పిన లెక్క అది. "ఒక్కోదాన్నీ ఏరుకుంటూ కూర్చున్నావంటే, నీ లెక్క తేలేలోపు అవి వెళ్ళి గుడ్లు పెట్టి పిల్లల్ని వెంటేసుకుని తిరిగొస్తాయిరా" అనేవాడాయన. దుర్భిణీలు పెట్టుకుని రోజంతా లెక్కపెట్టిన చదువుకున్నవాళ్ళ అంకెకీ, పావుగంటలో చెయ్యి దించేసే ఇతని అంకెకీ నూటికి నాలుగైదు తేడా వస్తే గొప్ప. అందుకే చుట్టుపక్కల ఇతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. గుప్పిట అంటారు. ఇంటావిడ మాత్రం, "నన్ను కూడా అలా గురిపెట్టి చూడకు, ఒక గుప్పిటలో పట్టను" అంటుంది.

ఈ లెక్కకి ఇంకో గుణం ఉంది. దానికి కళ్ళతో అట్టే పని లేదు. నల్ల మచ్చ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలిస్తే చాలు. రెండేళ్ళ కిందట అతని కళ్ళలో పాలచుక్క వేసినట్టు మసక మొదలైంది. నిరుటికి ఆ పాలు విరిగి గడ్డకట్టాయి. బాతు ముక్కు కనపడటం మానేసింది, తర్వాత మెడ, తర్వాత బాతు. మచ్చ మాత్రం మిగిలింది. జాతి సంగతి చెవి చూసుకునేది. సన్నగా ఈల వేసేది ఈలబాతు, నీళ్ళని జల్లెడ పట్టినట్టు సరసరలాడించేది గరిటముక్కు, గొంతులో గులకరాళ్ళు వేసుకుని పుక్కిలించేది బొల్లికోడి. చలికాలం పోయాక కళ్ళు చూపించుకుందాం అనుకున్నాడు. రెండు చలికాలాలు పోయాయి. చూపు ఆననివాణ్ణి మంచె ఎక్కనివ్వరని అతనికి తెలుసు. మంచె దిగితే తను ఎవరో అతనికి తెలియదు.

ఈ ఏడు అన్నీ అడ్డంగానే నడుస్తున్నాయి. వానలు ఆలస్యంగా వచ్చి, ఆలస్యంగా పోయాయి. మెడకి మఫ్లర్ చుట్టుకోవలసిన నెలలో పొద్దున్నే వీపు మీద చెమట కారుతోంది. నీళ్ళు తగ్గించి ఉంచమని ఆఫీసు నుంచి మాట వచ్చి నెల దాటింది. మోకాలి లోతుంటే మేసే బాతులు మంచె దగ్గరికి వస్తాయి, ఎల్లుండి, ఏటా అందరూ వచ్చి పక్షుల్ని లెక్కపెట్టే రోజున, వచ్చే వందమందికీ దగ్గర్నుంచి కనపడతాయి. అందులో తప్పేమీ లేదు. సూదితోక బాతుకి మోకాలి లోతు కావాలి, ఎర్రతల మునుగుడు బాతుకి రొమ్ము లోతు కావాలి. ఒకదానికి పెడితే ఇంకోదానికి కోత. ప్రతి ఏడూ ఉండేదే. కాని పల్చటి నీళ్ళు ఎండకి కాగుతాయి. కాగిన నీళ్ళు కదలకుండా ఉంటే కుళ్ళుతాయి. అయిదు రోజులుగా గాలి లేదు. జమ్ము కొస కూడా ఆడలేదు.

ఆ అయిదు రోజులూ అతనికి ఒక సంతోషం కూడా ఉంది. ఈశాన్యం మూల, జమ్ము పక్కన, మొదటి రోజు ఒక గుప్పిట ముద్ద కనిపించింది. చప్పుడు లేదు. నిద్రపోతున్నాయి అనుకున్నాడు. రెండో రోజు రెండు గుప్పిట్లు. నిన్నటికి నాలుగు. రాత్రంతా మేసి పగలు పడుకునే జాతి ఏదో కొత్తగా దిగుతోంది. రిజిస్టర్లో మూడు గళ్ళు ఉంటాయి. మేస్తున్నవి, ఎగురుతున్నవి, నిద్రలో ఉన్నవి. మూడో గడిలో నాలుగు వందలు అని గుండ్రంగా రాశాడు. ఆఫీసు మేడమ్ ఫోన్ చేసి, "ఈసారి మన దగ్గరే పెరిగాయండీ" అని మెచ్చుకుంది కూడా.

ఈ పొద్దున గాలి లేచింది. ఈశాన్యం నుంచి వీస్తోంది, చెవి పక్కన ఎవరో ఊదుతున్నట్టు. హాయిగా ఉందనుకుంటూ పిడికిలి ఈశాన్యం మూలకి తిప్పాడు.

మూల ఖాళీగా ఉంది.

ఎగిరిపోయాయా అనుకున్నాడు. నాలుగు వందల పక్షులు లేస్తే ఆకాశం చిరిగినట్టు చప్పుడవుతుంది. వినపడలేదే. చెయ్యి అలాగే చాచి పడమటికి జరుపుకుంటూ వచ్చాడు. నైరుతి గట్టు వారన ఆగాడు. అక్కడున్నాయి. నాలుగు గుప్పిట్లు. అదే మందం, అదే ముద్ద. గాలి ఎటు తోస్తే అటు వచ్చి గట్టుకి చేరాయి.

చాచిన చెయ్యి దించడం మర్చిపోయాడు.

నిద్రపోయే బాతు గాలికి ఎదురుగా ముఖం పెడుతుంది. తల రెక్కలో దూర్చుకుని, కళ్ళు మూసుకుని కూడా, కాళ్ళతో చిన్నగా తెడ్డు వేస్తూ తన చోటు తను నిలుపుకుంటుంది. గాలివాలుకి కొట్టుకుపోయేది నిద్ర కాదు.

మంచె దిగాడు. దోనె తాడు విప్పి, గెడ పుచ్చుకుని నైరుతికి పోనిచ్చాడు. నీళ్ళ మీద గెడ పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. సగం దూరంలోనే వాసన వచ్చి ముక్కు మీద చెయ్యి వేసింది. దగ్గరికి వెళ్ళాక దోనె ముక్కు దేనికో మెత్తగా తగిలింది. వంగి, చెయ్యి ముంచి, పైకెత్తి కళ్ళకి జానెడు దూరంలో పట్టుకున్నాడు. సూదితోక. పొట్ట కింద పురుగు కదులుతోంది. మెడ తడిగుడ్డలా వేలాడుతోంది. పక్కనే ఇంకోటి బతికే ఉంది, రెక్కలు నీళ్ళ మీద పరిచి ఈదాలని చూస్తోంది, తల ఎత్తలేక ముక్కు నీళ్ళలో పడి బుడగలు వస్తున్నాయి.

మెడవాలు. ముసలాయన పెట్టిన పేరు. ఇరవై రెండేళ్ళ కిందట ఒకసారి చూశాడు. చచ్చినదానికి పురుగు పడుతుంది, విషమంతా ఆ పురుగులో ఉంటుంది, బతికున్నది వచ్చి ఆ పురుగుని ఏరుకు తింటుంది. ఒకటి పదవుతుంది, పది వందవుతుంది. ఆ ఏడు సగం గుంపు పోయింది. తర్వాతి చలికాలం, ఆ తర్వాతి చలికాలం, నీళ్ళు ఖాళీ. దారి తెలిసిన పెద్దవి ఇక్కడే పోతే పిల్లలకి దారి ఎవరు చెబుతారు? ఎనిమిదేళ్ళు పట్టింది, మంచె మీద గుప్పిట్ల లెక్కకి మళ్ళీ రెండు చేతుల వేళ్ళూ చాలని రోజు రావడానికి.

మధ్య నీళ్ళలో ఇంకా ఎనభై ఆరు గుప్పిట్లు మేస్తున్నాయి. గాలి ఇలాగే ఉంటే సాయంత్రానికి మేసుకుంటూ ఈ గట్టుకే వస్తాయి.

తూము దగ్గర బావమరిది చక్రానికి గ్రీజు రాస్తున్నాడు. ఇంటావిడకి తమ్ముడు, చిత్తడికి నీళ్ళు పెట్టేదీ తీసేదీ అతనే. దోనెని చూసి పళ్ళికిలించాడు.

"ఏంటి బావా, ఇవాళ పక్షుల్ని దగ్గరికెళ్ళి పేరుపేరునా పలకరిస్తున్నావా?"

"పై తూము తెరువురా."

"ఎంత?"

"ఎంతుంటే అంత. కింద తూము కూడా ఎత్తు. నీళ్ళు ఆగకూడదు. కొలబద్ద మీద నాలుగో గీత నుంచి ఆరుకి రావాలి సాయంత్రానికి."

బావమరిది గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "నాలుగు దాటితే నా ఉద్యోగం దాటుతుంది. ఎల్లుండి దాకా ముట్టుకోవద్దని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఏమైంది నీకు?"

అతను దోనెలో ఉన్న సూదితోకని ఎత్తి గట్టు మీద పడేశాడు. బావమరిది ఒకడుగు వెనక్కి వేశాడు.

"ఎన్ని?"

"నాలుగు గుప్పిట్లు."

"నాలుగు... మొన్న గద్దలు ఎక్కువయ్యాయి బావా అంటే, చలికాలం అవి కూడా వస్తాయిలే అన్నావు కదా. ఆ మూలే కదా! అయిదు రోజులు మంచె మీద నిలబడి ఏం చూశావు?"

అతను జేబులోంచి ఫోన్ తీసి బావమరిదికి ఇచ్చాడు. "మేడమ్‌కి కలిపి ఇవ్వు."

"నీకు నంబరు తెలుసు కదా."

"కలిపి ఇవ్వరా."

బావమరిది అతని ముఖంలోకి చూశాడు. కళ్ళలోకి చూశాడు. నంబరు నొక్కాడు.

మేడమ్ చెడ్డ మనిషి కాదు. పని మీద శ్రద్ధ ఉన్న మనిషి. అంతా విని, అవతల కాగితాలు తిప్పింది. "నిన్న కూడా నాలుగు వందలు నిద్రలో ఉన్నాయని రాశారు కదా? మొన్న మూడు వందలు. ఇప్పుడు చచ్చిపోయాయంటే పైవాళ్ళకి నేనేం చెప్పాలి? పశువుల డాక్టర్ని పంపిస్తాను, రేపు సాయంత్రానికి వస్తారు. అప్పటిదాకా తూము జోలికెళ్ళొద్దు. మీ రిజిస్టర్ ఒకటి చెబుతోంది, మీరొకటి చెబుతున్నారు."

గాలి నైరుతికే వీస్తోంది. వెనక, దూరంగా, ఈలబాతులు మేస్తూ ఒకదాన్నొకటి పిలుచుకుంటున్నాయి.

"నాకు కనపడదమ్మా" అన్నాడు.

"ఏంటి?"

"కళ్ళు కనపడవు. రెండు చలికాలాలైంది. మచ్చ కనపడితే గుప్పిటేసి రాస్తున్నాను."

బావమరిది గట్టు మీద గడ్డిపరక తుంచుతూ తల దించుకున్నాడు.

"అంటే ఈ రెండేళ్ళ అంకెలన్నీ..." అంది మేడమ్.

"గుప్పిట తప్పు చెప్పలేదమ్మా. అందులో ఉన్నవి బతికున్నాయో లేదో నేను చూడలేదు."

తర్వాత ఆమె గొంతు మారింది. కోపం లేదు. అదే అతనికి కష్టంగా తోచింది. "తూము తెరవమనండి. మనుషుల్ని రేపు పొద్దున్నకి తీసుకొస్తాను, అంతకు ముందు దొరకరు. చేతులకి ఏమైనా తొడుక్కోండి." ఆగింది. "ఎల్లుండి మీరు మంచె ఎక్కొద్దండీ."

"అలాగేనమ్మా" అన్నాడు, ఎవరో మంచినీళ్ళు కావాలా అని అడిగినట్టు.

పై తూము తలుపు ముక్కుతూ మూలుగుతూ లేచింది. కాలవ నీళ్ళు నురగలు కక్కుతూ దూకాయి. బావమరిది చక్రం తిప్పుతూనే అడిగాడు.

"అక్కకి తెలుసా?"

"నేను గ్లాసు పక్కన నీళ్ళు పోయడం మీ అక్క చూసింది. ఆ తర్వాత నుంచి గ్లాసు నా చేతికే ఇస్తోంది. మేమేం మాట్లాడుకోలేదు."

"నాకు మాత్రం చెప్పొద్దనుకున్నావు."

"నువ్వు నోట్లో ఏం దాచగలవురా. పళ్ళే బయటికుంటాయి."

బావమరిది నవ్వలేదు. కింద తూము జాలీకి నాచు అడ్డం పడితే నీళ్ళు ఎదురు తంతాయి, అక్కడి నుంచి అతను కదలడానికి లేదు. దోనెలో మనిషి ఒక్కడికే చోటు. ఏరే పని ఎవరిదో ఇద్దరూ అనుకోనవసరం లేకపోయింది.

రెండు చేతులకీ ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని, మణికట్టు దగ్గర పురికొసతో కట్టుకున్నాడు. గెడతో రెండు బారలు తోయడం, వంగడం, మెడ దొరికితే మెడ, కాలు దొరికితే కాలు పట్టి దోనెలో వేయడం. ఒక్కొక్కటీ నీళ్ళు తాగి బరువెక్కింది. దోనె నిండాక గట్టుకి చేర్చి దించడం. మళ్ళీ. ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి వందల్లో కాకుండా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడు. అరవై దగ్గర తప్పిపోయింది. మళ్ళీ మొదలుపెట్టలేదు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఇంటావిడ క్యారియర్‌ని ఎర్రగుడ్డలో మూటకట్టుకుని గట్టు వెంబడి వచ్చింది. గట్టు మీద కుప్ప చూసి నిలబడిపోయింది. తమ్ముడు అరిచి చెప్పిన నాలుగు మాటలు విన్నది. మూట కింద పెట్టింది.

"ఏమయ్యా, ముందు తిను. అవెక్కడికీ పోవు."

"పోవు. వాటి దగ్గరికి వేరేవి వస్తాయి. బతికున్నవి ఓ పక్కన పెట్టాను, చూడు. తల నీళ్ళలో పడకుండా పట్టుకుని, పైతూము నీళ్ళు తెచ్చి పట్టించు. కొన్ని లేస్తాయి."

"నేనేమన్నా మంత్రసానినా?" అంటూనే కొంగు నడుముకి దోపుకుంది. ఖాళీ సీసాతో నీళ్ళు తెచ్చి, గట్టు నీడలో కూర్చుని, ఒక్కో తలనీ ఎడమ అరచేతిలో నిలబెట్టి ముక్కు పక్క నుంచి చుక్క చుక్కగా పోసింది. "తాగవే తల్లీ. అంత దూరం నుంచి ఎగిరొచ్చి ఇక్కడ మొండికేస్తావేంటి. నీకన్నా మా ఆయన నయం." రెండు పోయాయి. మూడోది కన్ను తెరిచి ఆమె చేతిని పొడవబోయింది. "దీనికి పొగరుంది. బతుకుతుంది" అంది.

పొద్దు వాలుతుంటే అతనికి కొత్త తంటా వచ్చింది. ఎంతవరకు ఏరాడో, ఎక్కడి నుంచి మిగిలిందో తెలియడం లేదు. ఏరిన చోటికే మళ్ళీ వెళ్ళి ఖాళీ నీళ్ళలో చేతులు తిప్పాడు రెండుసార్లు. గట్టుకి వచ్చి, ఒక ఎండు వెదురుకర్ర తీసుకుని, "ఆ గుడ్డ ఇలా ఇవ్వు. ఎరుపు ఇంకా ఆనుతోంది నాకు" అన్నాడు. ఆమె మూట విప్పి ఇచ్చింది. కర్ర కొసకి కట్టి, ఏరిన మేర ఎక్కడ ఆగిందో అక్కడ బురదలో దిగ్గొట్టాడు. ఇవతల శుభ్రం, అవతల మిగిలింది. ఒక దోనెడు ఏరగానే కర్ర పీకి అంత ముందుకి పాతేవాడు. మూడుసార్లు జరిపాడు. నాలుగోసారి జరిపేటప్పుడు గెడ పట్టుకున్న ఎడమ చేతిని భుజం దగ్గర ఎవరో మెలిపెట్టినట్టయింది. పొద్దుటి నుంచి తోసిన తోపుడు కదా అనుకున్నాడు.

"ఇక రావయ్యా, తిందువుగాని!" ఆమె గట్టు మీంచి కేకేసింది.

"ఇంకొక్క దోనెడు."

వంగలేకపోయాడు. చెమట చల్లగా పట్టింది, పొద్దుటి నుంచి పట్టని చల్లదనం. చలి వస్తోందేమో, మంచిదే, చలి వస్తే పురుగు ఆగిపోతుంది అనుకున్నాడు. గెడ దోనెలో అడ్డంగా పెట్టి, పక్కన ఉన్న తడి రెక్కలని కాలితో కాస్త జరిపి కూర్చున్నాడు. ఛాతీ మీద ఏదో బరువుగా వచ్చి కూర్చుంది. దోనె కింద నీళ్ళు కదులుతున్నాయి. వెచ్చటి నీళ్ళ కిందుగా కొత్త నీళ్ళు, గరగరమంటూ. ఆ చప్పుడుకి మధ్యలో ఉన్న గుంపు మేత ఆపింది. అతను చెవి ఒగ్గాడు. ముందు ఈలబాతులు లేచాయి, తర్వాత గరిటముక్కులు, తర్వాత అన్నీ. ఆకాశం ఆ కొస నుంచి ఈ కొసకి చిరిగింది. నెత్తి మీదుగా వెళ్ళి, చుట్టు తిరిగి, పైతూము వైపు, కొత్త నీళ్ళ వైపు దిగుతున్నాయి. ఈ గట్టుకి దూరంగా. లెక్కపెడదామని కుడి చెయ్యి ఎత్తబోయాడు.

కింద తూము దగ్గర బావమరిది జాలీకి పట్టిన నాచు లాగుతున్నాడు. కొలబద్ద ఆరో గీతకి రెండు వేళ్ళ దూరంలో ఉంది. తల ఎత్తి చూస్తే దోనె వస్తోంది. నీటివాలున నెమ్మదిగా, కొంచెం పక్కకి తిరిగి. గెడ వేస్తున్నవాడు లేడు.

"అబ్బో, గెడ కూడా వెయ్యకుండా దొరలా కూర్చునొస్తున్నావేంటి బావా! మేడమ్ మంచె దిగమంది గాని పల్లకీ ఎక్కమనలేదు కదా!"

దోనె వచ్చి జాలీకి తగిలి ఆగింది. అతను వెనక్కి ఆనుకుని ఉన్నాడు, మెడ ఒక పక్కకి వాలిపోయి. చేతులకి సంచులు అలాగే కట్టి ఉన్నాయి. బావమరిది ఇంకోసారి పిలిచాడు, మెల్లగా. తర్వాత నడుంలోతు నీళ్ళలోకి దిగి దోనె అంచు పట్టుకున్నాడు. అలాగే పట్టుకుని నిలబడ్డాడు, నీళ్ళు ఇంకా ఎక్కడికో లాక్కుపోతాయేమో అన్నట్టు.

గట్టు మీద ఆమె ఒళ్ళో బాతు తల పెట్టుకుని ఉంది. చివరికి తమ్ముడు పెట్టిన కేక వినపడి లేచేటప్పుడు కూడా ఆ తలని జాగ్రత్తగా గడ్డి మీద ఆనించి లేచింది.

మర్నాడు పొద్దున మేడమ్ పన్నెండుమందిని, నాలుగు పడవల్ని తెచ్చింది. రాత్రి నిజంగానే చలి పడింది. మనుషులు రబ్బరు బూట్లు తొడుక్కుని ఎక్కడి నుంచి మొదలుపెట్టాలని అడిగారు. బావమరిది ముఖం ఉబ్బి ఉంది. చెయ్యెత్తి చూపించాడు. గట్టుకీ కర్రకీ మధ్య ఒక్కో బారా వెతికారు. ఒక్కటి కూడా దొరకలేదు. కర్ర అవతల నూట నలభై ఏడు ఏరారు. పైతూము వైపు గుంపు మేస్తూనే ఉంది. అందులో ఎన్నింటి మెడలు రేపటికి నిలుస్తాయో ఎవరూ చెప్పలేకపోయారు. మంచె మీదికి ఆ రోజు ఎవరూ ఎక్కలేదు.

పడవలు వెళ్ళిపోయాయి. నైరుతి గట్టుకి ఇరవై బారల దూరంలో కర్ర అలాగే ఉంది. దాని చుట్టూ నీళ్ళు రెండు గీతలు పెరిగాయి. ఎర్రగుడ్డ కొస తడిసి, ఎటు గాలి వీస్తే అటు లేవబోయి, మళ్ళీ నీళ్ళకి అంటుకుపోతోంది.